నిమిషానికి ఎన్ని అడుగులు

వాల్-డోర్‌లో జనవరి. బయట సున్నాకి ముప్పై ఒకటి కింద.
మదాం నోయెల్లా ఫోన్లో చెప్పింది ఇంతే:
"జాలీలోంచి గాలి చెయ్యి కాలేలా వస్తోంది,
ఇల్లు మాత్రం వేడెక్కట్లేదు."

ఇరవై రెండేళ్లుగా వింటున్న పొడుపుకథే.
విప్పడం తెలుసు.
ముడి మాత్రం ప్రతి ఇంట్లో కొత్తచోట దొరుకుతుంది.

నేలమాళిగలో ఫర్నేస్ తలుపు తీసి
బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను.
మంట లేదు, పొగ లేదు.
మూడు తీగచుట్టలు. ఒకటి లేచాక ఒకటి లేస్తాయి,
బడిరోజు పొద్దున అన్నదమ్ముల్లా.
మూడోవాడు లేచేదాకా
లెక్క మొదలెట్టకూడదు.

లేచాడు.
క్లాంప్ మీటర్ తీగ మెడకి తగిలిస్తే అరవై రెండు ఆంపియర్లు.
వోల్టులు రెండువందల నలభై, నిక్కచ్చిగా.
రెండూ హెచ్చవేసి,
మళ్లీ మూడు దశాంశం నాలుగు ఒకటి మూడుతో హెచ్చవేస్తే
గంటకి యాభైవేల ఏడొందల ఎనభై అయిదు బీటీయూలు.
కరెంటు అబద్ధమాడదు. ఇక చెప్పాల్సింది గాలి.

థర్మామీటర్లు రెండు.
తిరిగొచ్చే గాలిలో ఒకటి, వెళ్లే గాలిలో ఒకటి.
రెండోదానికి ఒక మర్యాద ఉంది:
చుట్టల మొహం చూడకూడదు.
గొట్టం మలుపు దాటాక నిలబెట్టాలి.
ఎర్రబడ్డ వాటిని ఎదురుగా చూసిందా,
గాలి సంగతి వదిలేసి
వాటి గొప్పలే చెబుతుంది.

వచ్చేది అరవై ఆరు. వెళ్లేది నూట ఇరవై నాలుగు.
తేడా యాభై ఎనిమిది.
దాన్ని ఒకటి దశాంశం సున్నా ఎనిమిదితో గుణించి
బీటీయూలని దాంతో భాగించాను,
పెన్సిలుతో, గొట్టం రేకు మీదే:
నిమిషానికి ఎనిమిదొందల పది ఘనపుటడుగులు.
ఇంచుమించు పన్నెండొందలు నడవాల్సిన గాలి.

మెల్లగా నడిచే గాలి
చుట్టల దగ్గర ఆగి ఆగి ఒళ్లు కాల్చుకుంటుంది.
కాపలా స్విచ్ బెదిరి
ముగ్గుర్నీ మళ్లీ పడుకోబెడుతుంది.
చెయ్యి కాలడమూ అందుకే,
ఇల్లు వణకడమూ అందుకే.

ఫిల్టరు శుభ్రం. ఫ్యాను రెక్కలు శుభ్రం.
అయితే మిగతా నాలుగొందల అడుగులూ ఎక్కడ?

మెట్లెక్కాను.
పైన పదకొండుమంది పిల్లలు.
మదాం ఇల్లే వాళ్లకి పగటి ఇల్లు.
మంచులో పొర్లాడి అప్పుడే లోపలికొచ్చారు.
నేల మీద ఏడు జాలీలు,
ఏడింటి మీదా తడి చేతితొడుగులు,
చేపల ఎండబెట్టుడులా.
ఎర్ర ఉన్నివి, ప్లాస్టిక్‌వి, బొటనవేలు చిరిగినవి,
లాక్-సిమోన్‌లో ఎవరి అమ్మమ్మో పూసలు కుట్టిన
దుప్పితోలు జత ఒకటి.
మొత్తం ఇరవై రెండు.

"ఇవేనా?" అంది మదాం. మొహం ఎర్రబడింది.
"మరి ఎక్కడ ఆరెయ్యను?"

దానికి నా సూత్రంలో జవాబు లేదు.
అన్నీ తీయించాను. వెళ్లే గాలి నూట ఆరుకి దిగింది.
పదకొండొందల డెబ్భై అయిదు.
కాపలా స్విచ్ కిమ్మనలేదు.

నిజానికి అక్కడితో పని అయిపోయింది.
కానీ ఫ్లావీ అనే పిల్ల మెట్ల మీంచి తొంగిచూసి
"ఒక్కటి పెట్టొచ్చా?" అంది.

పెట్టమన్నాను. జాలీకి ఒకటి.
నేను కింద, మీటరు ముందు. తను పైన.
"పెట్టాను!"
అంకె కదల్లేదు.
"రెండు!"
ఒక్క డిగ్రీ. పోనీలే.
"మూడు!"
నూట పది, నూట పదమూడు, ఎక్కుతూనే ఉంది.
"తియ్యి, తియ్యి!" అని అరిచాను.
పైన చప్పట్లు, తలకిందులుగా పరిగెత్తే పాదాలు,
నిమిషానికి ఎన్ని అడుగులో
ఏ మీటరూ పట్టలేనన్ని.

ఏడు జాలీలు, రెండేసి. పద్నాలుగు.
మిగిలిన ఎనిమిదింటికి
ఫర్నేస్ పక్కన గోడకి తీగ కట్టాను.
దుప్పితోలు జత అందులో చివరిది.
తోలుని వేడిగాలి చెక్కలా బిగిస్తుంది.
దానికి ఓపికే మందు.

తలుపు లోపలి చీటీ మీద రాశాను:
తేదీ, ఆంపియర్లు, తేడా, గాలి.
కింద ఖాళీ ఉంటే ఇంకో వరస:
రెండేసి మాత్రమే. ఫ్లావీ చూసుకుంటుంది.

మళ్లీ ఎవరొస్తారో ఈ చీటీ చదవడానికి.
ఇదేం కొలతని
తల గోక్కుంటాడు పాపం.